ముందు పొగగొట్టం చెప్పు

డాక్టరమ్మగారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను లైబ్రరీ పార్కింగ్‌లో అప్పుడే కారు ఆపాను. "నిన్న మధ్యాహ్నం. కుర్చీలో కూర్చునే పోయింది. కిటికీ వైపు తిరిగి ఉంది" అంది. ఆ కిటికీలోంచి కనిపించేది పక్కింటి గరాజ్ తలుపు. ఆవిడకి అది కూడా సరిగా కనిపించేది కాదు. అయినా ఎప్పుడూ అటే తిరిగి కూర్చునేవారు, అటునుంచి ఏదో రాబోతున్నట్టు.

ఆవిడ నాకు బంధువు కాదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్లకి వెనక వీధిలో ఉండేవారు. కాకినాడ మనిషి. డెట్రాయిట్‌లో పిల్లల డాక్టరుగా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆవిడ డాక్టరమ్మగారు. నేను ఎదురుగా ఆంటీ అనేదాన్ని. ఆవిడకి బాగా ఇష్టమైనవి ఓడలు. నగలూ చీరలూ ఇళ్ళూ ఏవీ వాటి తర్వాత కూడా వచ్చేవి కావు.

మేము ఈ ఊరొచ్చిన ఏడాది కార్ల కంపెనీలు మూతపడతాయేమోనని అందరూ భయపడుతున్నారు. మా ఆయన పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. నా వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. రోజూ లైబ్రరీకి నడిచి వెళ్ళి ఒక మూల బల్ల దగ్గర చదువుకునేదాన్ని. ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. గుంటూరులో సిస్టర్ల స్కూల్లో చదువుకున్నాను. సిస్టర్ క్లాసులోకి రాగానే అందరం పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడాలి. మిగతా పిల్లలకి అది కష్టంగా ఉండేది. నాకు హాయిగా ఉండేది.

ఒకరోజు తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ ఒకరు నా బల్ల దగ్గర ఆగారు. నా చెవి పక్కకి చూస్తూ తెలుగులో అడిగారు.

"ఏమ్మా, ఆ పుస్తకం అట్ట మీద ఉన్నది ఓడేనా?"

నేను తెలుగుదాన్నని ఎలా తెలిసిందో అర్థంకాక చూస్తూ ఉండిపోయాను.

"ఇందాక ఫోన్లో 'ఆఁ, సరే, ఉంటా' అన్నావుగా. మూడు ముక్కలు. చాల్లే, తెలుసుకోడానికి. ఓడేనా?"

"అవునండీ."

"ఎలా ఉంది?"

"పెద్దదండీ. చాలా గంభీరంగా ఉంది."

"గంభీరం అంటే ఏ రంగు?"

నేను అట్ట వైపు మళ్ళీ చూశాను. అంతసేపూ అది నా చేతిలోనే ఉంది. పొగగొట్టం ఏ రంగులో ఉందో నేను చూడనే లేదు.

ఆవిడ కంటి మధ్యలో చూపు పోయిందని తర్వాత తెలిసింది. వయసుతో వచ్చే జబ్బు. ఎటు చూస్తే అక్కడ ఒక మచ్చ, చుట్టూ అంచుల్లో మాత్రం కాస్త మిగిలింది. అందుకే మనిషిని చూడాలంటే పక్కకి చూసేవారు. "నీ చెవిని చూస్తున్నాననుకుంటావు. నేను చూసేది నీ మొహమే" అనేవారు. కారు నడపడం మానేశారు. గరాజ్‌లో కారు ఊరికే పడి ఉంది. నా దగ్గర లైసెన్స్ ఉంది, ధైర్యం లేదు.

"కారు నాది, కళ్ళు నీవి. పద పోర్ట్ హ్యూరాన్ వెళ్దాం" అన్నారు ఓ రోజు.

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాడు. "నువ్వా? ఫ్రీవే మీదా? ట్రక్కులొస్తాయి తెలుసా? సండే నేనే డ్రైవ్ చేస్తాలే."

ఆ మాట ఆవిడకి చెప్పాను. "ఓడలకి సండే ఏంటే?" అన్నారు.

మంగళవారం వెళ్ళాం. దారంతా స్టీరింగ్ పట్టుకున్న నా చేతులు చెమటలు కక్కుతూనే ఉన్నాయి. పక్కన కూర్చుని ఆవిడ ఒక్కసారి కూడా జాగ్రత్త అనలేదు. పోర్ట్ హ్యూరాన్‌లో నది ఇరుకు. అటు ఒడ్డు కెనడా. పెద్ద సరస్సుల్లో ఇనప ఖనిజం మోసే పొడవాటి ఓడలు అక్కడ ఒడ్డుకి ఎంత దగ్గరగా వెళ్తాయంటే, పైన నిలబడ్డవాళ్ళ మొహాలు కనిపిస్తాయి. బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ పోసుకున్నాం. మొదటి ఓడ వచ్చింది. నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"ముందు పొగగొట్టం చెప్పు. అది చూస్తే ఎవరి ఓడో తెలుస్తుంది. తర్వాత ముక్కు, అంటే ఓడ ముందు కొస. తర్వాత మనుషులు."

అదే ఆవిడ పద్ధతి. ఆ వరస ఎప్పుడూ మారలేదు. నేను చెప్పేదాన్ని, ఆవిడ కళ్ళు మూసుకుని వినేవారు. "తుప్పు ఉందా?" అని అడిగేవారు. "లంగరు కింద ఉందండీ, ఎర్రగా కారినట్టు." "ఆఁ, అదీ. ఇప్పుడు కనబడుతోంది." చివర్లో ప్రతిసారీ "మనుషులున్నారా?" అనేవారు. ఉంటే చెయ్యి పైకెత్తి ఊపేవారు. చెయ్యి కొంచెం పక్కకి పోయేది. నేను మణికట్టు పట్టుకుని ఓడ వైపు తిప్పేదాన్ని.

నాకు ఆవిడ ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు "ఇవాళ బాగా చూశాం" అనేవారు. ఆ 'చూశాం'లో నన్ను కలుపుకున్నందుకు నాకు ఎంత సంతోషంగా ఉండేదో ఆవిడకి చెప్పలేదు. చెప్పాల్సింది.

ఓడలు ఎందుకంత ఇష్టమని ఒకసారి అడిగాను. చిన్నప్పుడు కాకినాడలో పెద్ద ఓడలు రేవులోకి వచ్చేవి కావట. లోతు చాలక సముద్రంలో దూరంగా ఆగేవి. పడవల్లో సరుకు వేసుకుని వాటి దగ్గరికి వెళ్ళేవాళ్ళు. "సాయంత్రం ఒడ్డున నిలబడితే దూరంగా ఏదో ఉందని తెలిసేది. ఏంటో తెలిసేది కాదు" అన్నారు. నవ్వారు. "ఇప్పుడూ అంతేగా. ఇంత దూరం వచ్చి, మళ్ళీ కాకినాడ ఒడ్డుకే వచ్చేశాను."

రెండేళ్ళ తర్వాత మెడిటరేనియన్ క్రూజ్ బుక్ చేశానని చెప్పారు. ఇద్దరికి. వాళ్ళమ్మాయి స్పీకర్‌ఫోన్‌లో గోల పెట్టింది. "అమ్మా, ఆ కళ్ళతో షిప్స్ చూడ్డానికి అంత దూరమా?"

"నా కళ్ళతో అని ఎవరన్నారు?"

అలా నేను యూరప్ చూశాను. నిజానికి యూరప్ చూడలేదు, యూరప్ రేవులు చూశాను. బార్సిలోనాలో ఎక్కాం. ఊరు ఏదైనా మిగతావాళ్ళు బస్సులెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. మేము ఓడలోనే పై అంతస్తులో, నీడ ఉన్న చోట కుర్చీలు వేసుకుని రేవుని చూసేవాళ్ళం. నేను చిన్న గొంతుతో ఆవిడ చెవి దగ్గర చెప్పేదాన్ని. రోమ్‌కి దిగాల్సిన రేవులో కూడా దిగలేదు. ఆ రాత్రి భోజనాలప్పుడు మా బల్ల దగ్గర, అమెరికాలోనే షామ్‌బర్గ్ అనే ఊరి నుంచి వచ్చిన తెలుగు దంపతులు ఉన్నారు. ఆయన ఇంక ఉండలేకపోయారు.

"రోమ్ దాకా వచ్చి రోమ్ చూడకపోవడం ఏంటండీ డాక్టర్ గారూ?"

"మీరేం చూశారు?"

"అబ్బో, ఏం చూశామని చెప్పను! బస్సులో గంటలు గంటలు. ఎండలో క్యూ. ఈవిడకి కాళ్ళు వాచిపోయాయి."

"మేము సార్డీనియా వెళ్ళే ఫెర్రీని చూశాం. వెనక్కి వెనక్కి నడిచొచ్చి, గట్టుకి ఆనించి నోరు తెరిచింది. లారీలన్నీ మింగేసి వెళ్ళిపోయింది. కాళ్ళు వాయలేదు."

ఆయన భార్య గట్టిగా నవ్వేసి, తన సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీసి మా ముందు పెట్టింది.

మర్నాడు, అంటే నేపుల్స్ చేరడానికి ఒక రోజు ముందు, సముద్రం మీద ఖాళీగా ఉన్న సాయంత్రం. ఇంకా వెలుతురుంది. డెక్ మీద ఆవిడ తనంతట తానే మొదలుపెట్టారు.

"నేను ఇదివరకు ఒకసారి నేపుల్స్ వచ్చానే."

ఎప్పుడూ చెప్పలేదు ఆ సంగతి. ఇంగ్లండ్‌లో పై చదువుకి బొంబాయిలో ఓడ ఎక్కారట. అమెరికా ఇంకా రాలేదు అప్పటికి.

"కాకినాడ ఒడ్డున నిలబడి చూసిన ఓడ, ఇప్పుడు అందులోనే ఉన్నాను. ఎంత సంబరమో అనుకుంటున్నావు కదూ? భోజనాల హాల్లో ఫోర్కు పట్టుకోవడం రాదు. మాట్లాడితే నా ఇంగ్లీషుకి నవ్వుతారని భయం. తలనొప్పని చెప్పి దుప్పటి ముసుగేశాను. సూయజ్ అన్నారు, లేవలేదు. నేపుల్స్ వచ్చింది, నేపుల్స్ వచ్చింది అని అందరూ పైకి పరిగెత్తారు. మెట్ల మీద కాళ్ళ చప్పుడు విన్నాను. అదే నా నేపుల్స్."

నేను నా కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను.

"అప్పుడు నా కళ్ళు ఎలా ఉండేవో తెలుసా? సూదిలో దారం ఒక్కసారికి ఎక్కించేదాన్ని. ఆ కళ్ళు పెట్టుకుని, దుప్పటి కింద ఒక సముద్రం మొత్తం దాటేశాను." నా చెవి వైపు చూశారు. అంటే నా మొహం వైపు. "నువ్వలా చెయ్యకు."

తర్వాతి పొద్దున ఓడ నేపుల్స్‌లోకి వెళ్తుంటే డెక్ మీద ఇసకేస్తే రాలనంత జనం. మైకులో ఏదో ప్రకటన, ఈతకొలను దగ్గర బ్యాండు, గాలి. కమ్మీ దగ్గర ఆవిడకి చోటు చేసి నిలబెట్టాను. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను.

"ఎదురుగా అగ్నిపర్వతం అండీ, పైన మబ్బు..."

"కొండ ఎక్కడికీ పోదు. ఓడలు చెప్పు."

చెప్పాను.

"ఏంటీ?"

ఇంకా దగ్గరగా వంగి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వినబడట్లేదే!" ఆవిడ రెండు చేతులూ కమ్మీని బిగించి పట్టుకున్నాయి. కళ్ళు మూసుకోలేదు. తెరిచి, అటూ ఇటూ పక్కలకి తిప్పుతూ, అంచుల్లోంచి ఏమైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నారు. రేవు గోడ మా పక్కనుంచి జరిగిపోతోంది. ఇంకాసేపట్లో ఓడ ఆగిపోతుంది. ఆవిడ రెండోసారి కూడా నేపుల్స్ చూడకుండానే దాటేస్తారు.

నా చుట్టూ అన్ని దేశాల వాళ్ళూ ఉన్నారు. నేను గొంతెత్తి అరిచాను, తెలుగులో.

"ఎడమవైపు తెల్ల ఫెర్రీ! పొగగొట్టం నీలం! మీద పసుపు చార!"

కొందరు తిరిగి చూశారు. ఒక పిల్లాడు నవ్వాడు. నా మొహం కాలిపోతున్నట్టుంది.

"ముక్కు?" అని ఆవిడా అరిచారు.

"సూదిగా ఉంది! తుప్పు లేదు, కొత్త రంగు! వెనక ఓడల్ని లాగే టగ్గు, ఎర్రది, పొట్టిది, చుట్టూ టైర్లు కట్టుకుంది!"

"ఆఁ!"

"బూడిదరంగు యుద్ధనౌక, గట్టుకి కట్టేసి ఉంది! చిన్న పడవొకటి నీళ్ళని కోసుకుంటూ ద్వీపం వైపు పోతోంది!"

షామ్‌బర్గ్ ఆవిడ జనంలోంచి తోసుకుంటూ వచ్చి మా పక్కన నిలబడింది. "ఇంకా గట్టిగా చెప్పమ్మా, మాకూ వినబడుతుంది" అంది.

"మనుషులున్నారా?" అడిగారు డాక్టరమ్మగారు.

"ఉన్నారండీ! టగ్గు మీద ఒకతను! టోపీ తీసి ఊపుతున్నాడు!"

ఆవిడ చెయ్యెత్తారు. నేను మణికట్టు పట్టుకుని తిప్పాను. ఓడ గట్టుకి ఆనేదాకా ఆవిడ చెయ్యి దించలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "ఇవాళ బాగా చూశాం" అన్నారు.

నేను ఆ రోజు నుంచి మాటకారినైపోలేదు. ఇప్పటికీ నలుగురిలో వెనక కుర్చీయే వెతుక్కుంటాను. కానీ శనివారాలు లైబ్రరీలో పిల్లలకి కథలు చదివి వినిపిస్తున్నాను. వెనక వరసకి వినబడుతోందా అని అడుగుతాను. పుస్తకంలో బొమ్మ గురించి ఎవరైనా పిల్ల 'నైస్' అంటే, "నైస్ అంటే ఏ రంగు?" అంటాను. ఆ ప్రశ్న ఎవరిదో వాళ్ళకి తెలియదు.

చివరి ఏడాది ఆవిడ బయటికి రాలేకపోయారు. పోర్ట్ హ్యూరాన్‌కి నేనొక్కదాన్నే వెళ్ళి ఫోన్లో చెప్పేదాన్ని. బెంచీ మీద కూర్చుని గట్టిగా తెలుగులో మాట్లాడే అమ్మాయి అక్కడి ముసలాళ్ళకి అలవాటైపోయింది.

అంత్యక్రియలైన మూడో రోజు వాళ్ళమ్మాయి నన్ను అక్కడికి తీసుకెళ్ళమంది. ఇక్కడే పుట్టి పెరిగినా ఆ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదట. చలిగా ఉంది. ఇద్దరం కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నాం. చాలాసేపటికి వంతెన కింద నుంచి ఒక పొడవాటి ఓడ వచ్చింది.

"నాకు చెప్తావా? అమ్మకి చెప్పేదానివిగా, అలా" అంది ఇంగ్లీషులో. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"పొగగొట్టం నల్లది. మధ్యలో ఎర్ర పట్టీ" అన్నాను. అది నాకే వినబడలేదు. మళ్ళీ మొదలుపెట్టాను, గట్టిగా. "ముక్కు నిటారుగా ఉంది, పాత ఓడ. లంగరు కింద తుప్పు కారింది. నీళ్ళలో బాగా కిందికి దిగి ఉంది, సరుకు నిండుగా ఉన్నట్టుంది."

తను నా వైపు జరిగింది. తర్వాత తన వచ్చీరాని తెలుగులో అడిగింది.

"మనుషులు ఉన్నారా?"

ఉన్నారు. వెనక కమ్మీ దగ్గర నారింజరంగు కోటు వేసుకున్న ఒక మనిషి మా వైపు చూసి చెయ్యి ఊపుతున్నాడు. చెప్పాను. తను కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఊపింది. చెయ్యి కొంచెం పక్కకి పోయింది. నేను మణికట్టు పట్టుకుని ఓడ వైపు తిప్పాను.