చేనుగట్టు పేరంటాలు

పక్క వాటాలో వంటగట్టుకు గ్రానైటు కోస్తున్నారు. రెండు రోజులుగా ఆ కాలిన రాతి వాసన ఇల్లంతా కమ్ముకుంది. పనిమనిషి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని విసుక్కుంటుంది గానీ, నేను మాత్రం కిటికీ మూయనివ్వడం లేదు. ఉరవకొండకు ఆవల, మా శనక్కాయల చేను గట్టున, ఏడేళ్ల వయసులో నేను పీల్చిన వాసన అది.

అప్పటికి మా అమ్మ పోయి ఏడాది. ముత్తైదువగా పోయిన మనిషిని పేరంటాలుగా ఎంచి, పూడ్చిన చోట ఆమె బొమ్మ చెక్కిన రాయి నిలబెట్టడం మావైపు ఆనవాయితీ. ఫొటో అన్నది మా ఇంట్లో ఎవరూ ఎరగరు. నాయన ఆమె పేరే ఎత్తడు. అమ్మ మొహం నాకు గుర్తు రావడం మానేసింది, ఆ మాట ఎవరితో చెప్పాలన్నా సిగ్గూ భయమూ. రాతి మీద ఆమె మళ్లీ కనబడుతుందని, ఈసారి గట్టిగా గుర్తుపెట్టుకుంటానని ఆశపడ్డాను.

రాయి చెక్కడానికి గుమ్మఘట్ట వైపు నుంచి హనుమంతప్ప వచ్చాడు. బక్కపలచని మనిషి, తలకు తడిగుడ్డ, మాటలో సగం కన్నడం. బావులు అడుగంటి, చింతచిగురు ముదిరి, గాలి కూడా పొయ్యిలోంచి వచ్చినట్టు కొట్టే ఆ రోజుల్లో ఊళ్లో మనుషులంతా మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని పడుకుంటే, ఆయన ఒక్కడే గట్టున కూర్చుని ఉలి కొడుతుండేవాడు. నేనూ ఒక్కదాన్నే కాస్త దూరంలో తుమ్మచెట్టు కింద అచ్చనగాయలు ఆడుకునేదాన్ని, కుడిచెయ్యి నాది, ఎడమచెయ్యి నాతో ఆడే ఇంకో పిల్లది. ఎండ నడినెత్తిన ఉంటే గీతలకు నీడ ఉండదు, బొమ్మ కనబడదు. అందుకని ఆయన చెంబులో నీళ్లు పొదుపుగా గుడ్డకద్ది రాయి తుడిచేవాడు. తడి ఉన్నంతసేపు గాజులూ, చీర కుచ్చెళ్లూ నల్లగా తేలి కనబడేవి, ఇట్టే ఆరిపోయేవి.

మొహం మాత్రం ఆఖరి రోజుకు, ఏటవాలు ఎండకు ఉంచుకున్నాడు. మొహం ఎట్లా ఉండాలని అడిగితే మా అవ్వ, "అందరి మాదిరే ఉండె. కళగా కొట్టు సాలు," అని ఇంటిదారి పట్టింది. ఆయన నా వైపు తిరిగాడు.

"మీయమ్మ ఎట్లుండె పాపా?"

నాకు ఏడుపొచ్చింది. "గ్యాపకం ల్యాదు," అన్నాను. ఏడాదిలో మొదటిసారి ఒక మనిషికి ఆ మాట చెప్పుకున్నాను.

ఆయన కోప్పడలేదు. "ఏముండాది మరి గ్యాపకం?"

నిద్రపోయేటప్పుడు నా తలకింద ఉండే అమ్మ చెయ్యి గుర్తుంది. దాని మీద పచ్చబొట్టు తేలు గుర్తుంది. అదే చెప్పాను.

"సరే, అది కొడతా. నువ్వు ఈడొచ్చి ఎదురుగా కూర్చో. కదలద్దు," అన్నాడు.

కాళ్లు తిమ్మిరెక్కేదాకా కూర్చున్నాను. ఆయన నన్నొకసారి, రాయినొకసారి చూస్తూ పొద్దు వాలేదాకా కొట్టాడు. పూర్తయ్యాక తడిగుడ్డతో తుడిచాడు. ఆత్రంగా చూశాను. ఎవరో ఆడమనిషి. మా అమ్మ కాదనిపించింది, ఆ రాత్రి సంగటి ముట్టలేదు. "పేరంటాలికి తేలు ఏందప్పా, జనం నవ్వరా!" అని అవ్వ అరిచింది గానీ, నాయన వచ్చి రాయి ముందు గొంతుక్కూచుని చాలాసేపు లేవలేదు. తేలును చూసే అట్లా కూర్చున్నాడనుకున్నాను.

ఇన్నేళ్లకు, పోయినేడు ఆ గట్టుకు వెళ్లాను. తుమ్మచెట్టు లేదు. చేను ఎవరిదో అయిపోయింది, శనక్కాయలు మాని దానిమ్మ వేశారు. బొమ్మ చేతులకూ పాదాలకూ పసుపు పొరలు పొరలుగా పట్టి తేలు పూడిపోయింది, మొహం మాత్రం తేటగా ఉంది. దీపం పెడుతున్న ఒక కోడలుపిల్ల నన్ను చూసి, "ఎవరవ్వా మీరు, ఈయమ్మకు ఏమైతారు?" అంది. కూతుర్నన్నాను. ఆ పిల్ల నన్నూ, రాయినీ మార్చి మార్చి చూసింది.

"అవునవ్వా. గడ్డం మీద సొట్టతో సహా అదే మొకం."

ఆ సాయంత్రం హనుమంతప్ప నన్ను కదలొద్దని ఎందుకు కూర్చోబెట్టాడో అప్పటికి గానీ తెలియలేదు. నాకు అమ్మ పోలికే వచ్చిందా అని అడుగుదామంటే అవ్వ లేదు, నాయన లేడు, మా అమ్మను చూసిన మనిషి ఆ ఊళ్లో ఒక్కరూ లేరు.