పెదవి లోపలి నెంబరు

తొంభైల్లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో జరిగిన పెళ్లిళ్లలో సగానికి పైగా హాజరైన ఆడప్రాణి ఒకటి మా వెనక సందులో, రేకుల షెడ్డు కింద ఉండేది. తెల్ల గుర్రం. బ్యాండు మొదలుపెడితే చాలు, ముందుకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి తాళం తప్పకుండా ఆడేది. పెళ్లి మంటపం గుమ్మం దగ్గర ఆడపిల్ల తరఫు వాళ్లకు మోకాళ్ల మీద వంగి దణ్ణం పెట్టేది. ఆ దణ్ణంలో ఒకరిద్దరు పెళ్లికొడుకులు ముందుకు జారి సరాసరి మామగారి కాళ్ల మీద పడ్డారనీ, పెద్దలు దాన్ని వినయం అనుకుని మురిసిపోయారనీ మా వీధిలో చెప్పుకునేవారు.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. మూడోసారి గ్రూప్ టూకి చదువుతూ చిక్కడపల్లి లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీని పట్టా పుచ్చుకున్నట్టు ఆక్రమించుకుని ఉండేదాన్ని. మా అమ్మ దృష్టిలో నాకూ ఆ గుర్రానికీ తేడా ఒక్కటే. అది రోజూ ఎవరో ఒకరి పెళ్లికి పనికొస్తోంది, నేను నా పెళ్లికి కూడా పనికిరావడం లేదు. ఈ మాట ఆవిడ రోజుకోసారైనా అనేది. నేను వినిపించుకోనట్టు అట్లాసులో నదులు చూసుకునేదాన్ని.

గుర్రం ఆసామి మహబూబ్‌నగర్ వైపు నుంచి మట్టిపనికి వచ్చి, ఎవరి దగ్గరో గుర్రాలు మేపి, చివరికి సొంతంగా ఈ ఒక్కదాన్ని కొనుక్కున్నాడు. వీధంతా ఆయన్ని గుర్రమన్న అనేది. చదువు రాదు. మా నాన్న సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు, పైగా కృష్ణా జిల్లా నుంచి తాతగారి కాలంలోనే వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అందుకని కాయితంతో ఏ అవసరం వచ్చినా ఆయన మా గుమ్మంలోకే వచ్చేవాడు.

ఒకరోజు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చాడు. కవాడిగూడలో ఎవరిదో తెల్ల గుర్రం పోయింది. మూడు వారాలకు ఇంకెవరి షెడ్డులోనో కనబడింది. "నాదే" అని ఆయన, "నాదే" అని ఈయన. రుజువు లేదు.

"ఆఖరికి ఆని గుర్రం ఆనికి రాలె సార్. తెల్లటియన్నీ ఒక్క తీర్గనే ఉంటయ్ గద. రేపు నా దాన్ని ఎవడన్న కొట్టుకపోతే నేనేం జెయ్యాలె? అది లేకుంటే మళ్ల నేను తట్ట మొయ్యాల్సిందే" అన్నాడు గుర్రమన్న.

ఆ మాటతో మా వరండాలో కమిటీ కూర్చుంది. నాన్న, నేను, గుర్రమన్న. చెరిగిపోని గుర్తు ఏది పెట్టాలి? పరీక్ష ప్రశ్నలాగా నాకు వెంటనే నాలుగు జవాబులు తోచాయి. నాలుగూ తప్పే. కాల్చి వాత పెడదామంటే గుర్రమన్న నన్ను రాక్షసిని చూసినట్టు చూశాడు. దానికి నొప్పి, పైగా వాత ఉన్న గుర్రాన్ని ఏ పెళ్లివారు పిలుస్తారు? చెవి కొస కత్తిరిద్దామన్నా అదే గొడవ. గిట్టల మీద చెక్కుదామంటే అవి గోళ్లలాగా పెరిగి అరిగిపోతాయట. మిగిలింది పచ్చబొట్టు. అది బ్రహ్మాండమైన ఆలోచన అనుకుని నాన్న వెంటనే ఫైలు తెరిచారు. కానీ గుర్రమన్న తన గుర్రం మెడ మీద వెంట్రుకలు పాయ తీసి చూపించాడు. పైన పాలలాంటి తెలుపు, కింద చర్మం మాత్రం కారునలుపు. దాని మీద ఏం పొడిచినా కనబడదు.

నారాయణగూడలో ఒక రిటైరైన పశువుల డాక్టరుగారు ఉండేవారు. ఆయన దగ్గరికి వెళితే విదేశాల్లో అచ్చును మంచు కన్నా చల్లగా చేసి ఒంటికి అద్దుతారనీ, అక్కడ మళ్లీ మొలిచే వెంట్రుకలు తెల్లగా వస్తాయనీ చెప్పారు.

"మాది ఇప్పటికే తెల్లగుంది గద సార్" అన్నాడు గుర్రమన్న.

"అవును కదా" అన్నారు డాక్టరుగారు. తర్వాత ఆయనే దారి చూపించారు. పై పెదవి లోపలి వైపు గులాబీ రంగులో ఉంటుంది, అక్కడ గుద్దితే ఒంటి అందం చెడదు, దొంగకు తెలియనే తెలియదు. దూడల చెవులకు నెంబర్లు గుద్దే పాత పటకారు ఒకటి ఆయన దగ్గరుంది. అందులో అంకెలే ఉన్నాయి, అక్షరాలు లేవు. ఒక నెంబరు ఆలోచించుకుని ఆదివారం రమ్మన్నారు. "ఇది నా సరదాకి చేస్తున్నా. తర్వాత సర్టిఫికెట్టూ అదీ అని నా ప్రాణం తీయకండి" అని ముందే చెప్పారు.

వారం రోజులు నెంబరు గురించి తర్జనభర్జన. కిరాయి ఇంటి నెంబరు వద్దు, ఇల్లు మారితే పోతుంది. పుట్టినరోజు వేద్దామంటే గుర్రానిదీ తెలియదు, గుర్రమన్నదీ తెలియదు. చివరికి గుర్రమన్న సొంత ఊళ్లో ఉన్న రేషన్ కార్డు నెంబరు తెప్పించి, నాన్న తన గుండ్రటి చేతిరాతతో చీటీ మీద రాసి, కార్బన్ కాపీ బీరువాలో పెట్టి, చీటీని గుర్రమన్న చొక్కా జేబులో స్వయంగా దోపారు.

ఆ జేబులోనే గుర్రమన్న బెల్లం ముక్కలు పెడతాడన్న సంగతి నాన్నకు తెలియదు. గుర్రానికి తెలుసు.

ఆదివారం డాక్టరుగారి పెరట్లో పెదవికి మొద్దుబారే సూది వేశారు. పటకారు కడిగి, ఆకుపచ్చ సిరా కలిపి, "ఊఁ, నెంబరు చెప్పండి" అన్నారు. గుర్రమన్న జేబు తడుముకున్నాడు. బెల్లం లేదు, చీటీ లేదు. గుర్రం మాత్రం ఏదో నములుతోంది. కార్బన్ కాపీ ఏమో ఇంట్లో, బీరువాలో ఉంది.

"సూది పనిచేసేది కాసేపే! ఏదో ఒక నెంబరు చెప్పండి తల్లీ!" అని డాక్టరుగారు కేకేశారు.

నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన ఆరంకెల నెంబరు నాకు ఒక్కటే ఉంది. వారం కిందట వచ్చిన నా హాల్ టికెట్ నెంబరు. పరీక్షలో కంగారుపడి తప్పు రాస్తానని అమ్మ నా చేత దేవుడి పటం ముందు రోజూ పదకొండుసార్లు రాయిస్తోంది. అదే గడగడా చెప్పేశాను. పటకారు రెండుసార్లు టక్కుమంది. గుర్రం తల విదిలించి డాక్టరుగారి పంచె మీద ఆకుపచ్చగా తుమ్మింది.

సంగతి తెలిసి అమ్మ ఆ పూట అన్నం వండలేదు. "పరీక్ష నెంబరు గుర్రం నోట్లో పెడతారా, ఇంకేం పాసవుతుంది!" అని ఒకటే గోల. నాన్న హాల్ టికెట్ వెనక ఉన్న నిబంధనలన్నీ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "గుర్రాల గురించి ఏమీ లేదు" అని తేల్చారు. గుర్రమన్న ఒక్కడే సంతోషించాడు. "సర్కార్ నెంబర్ గద చెల్లె, ఇంక మంచిది." తన గుర్రం నెంబరు తనకు తెలియకపోతే ఎలాగని, ఆ ఆరంకెలూ షెడ్డు రేకు మీద సుద్దముక్కతో రాయించుకుని, పొద్దునా సాయంత్రం గడ్డి వేస్తూ నేర్చుకున్నాడు. ఆయన జీవితంలో నేర్చుకున్న రాత అంతే.

నేను పరీక్ష రాశాను. బాగానే రాశాననుకున్నాను. ఫలితాల కోసం ఎదురుచూస్తుండగా, ఒక మధ్యాహ్నం గుర్రమన్న నారాయణగూడలో పెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కట్టిన చోట గుర్రం లేదు. ఆరు రోజులు ఆయన తిండి తినలేదు. మా వాకిట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడో రోజు ఒక క్లారినెట్ వాయించే ఆయన కబురు తెచ్చాడు. గాంధీనగర్‌లో ఒక ఎర్ర గుర్రం ఉందనీ, బ్యాండు వింటే అచ్చం ఇలాగే ఆడుతోందనీ.

మధ్యాహ్నం దాకా ఏమైందో తెలియదు. తర్వాత గుర్రమన్న రొప్పుతూ మా ఇంటికొచ్చాడు. గాంధీనగర్‌లో గొడవై పంచాయితీ పోలీసుల దాకా పోయిందట. "చెల్లె, జర నీ పరీక్ష కాయిదం పట్టుకొని స్టేషన్‌కు రా. సార్, మీరు గూడ రాండ్రి."

స్టేషన్ ఆవరణలో మా గుర్రం నిలువెల్లా గోరింటాకు పెట్టించుకుని, నాలుగు పెళ్లిళ్లకు ఒకేసారి సిద్ధమైనట్టు ఎర్రగా నిలబడి ఉంది. దాని పక్కన దాన్ని కొనుక్కున్నానంటున్న మనిషి. ఎస్సై గారు అంతకు ముందే అతన్ని అడిగారట, "నీ గుర్రం నోట్లో ఏముంది?" అని. "పండ్లున్నయ్ సార్" అన్నాడట. గుర్రమన్న మాత్రం ఆరంకెలూ ఒప్పజెప్పాడు. పెదవి ఎత్తి చూస్తే నిజంగానే ఉన్నాయి. కానీ ఆ నెంబరు గుర్రమన్నదని చెప్పే కాయితం ఎక్కడుంది? డాక్టరుగారు కూతురి దగ్గరికి విశాఖపట్నం వెళ్లారు. మిగిలింది నేను.

ఎస్సై గారు నా హాల్ టికెట్ అందుకుని ఒక్కో అంకె చదువుతుంటే, కానిస్టేబుల్ గుర్రం పెదవి పట్టుకుని హౌసీ ఆటలోలా "ఉంది సార్, ఉంది సార్" అంటూ వచ్చాడు. ఆరూ ఉన్నాయి. ఎస్సై గారు ఫోటో వైపు చూశారు, గుర్రం వైపు చూశారు.

"నెంబర్ కలిసింది. ఫోటోనే కలుస్తలేదు" అన్నారు. తర్వాత గుర్రమన్నతో, "ఈ కాయిదం లెక్కన గుర్రం నీది కాదు, ఈ మేడంది. ఆమె సంతకం పెట్టి తోలుకపోవాలె" అన్నారు. నవ్వుతున్నారో లేదో మీసాల వల్ల తెలియలేదు.

ఇక్కడ నిజం చెప్పాలి. నాకు భయం వేసింది. ఫలితాలు రావాలి. పోలీసు కాయితాల్లో నా హాల్ టికెట్ నెంబరూ, దొంగతనం, గుర్రం! ఉద్యోగం వచ్చినా ఊడగొట్టడానికి ఇది చాలదా? నాకేం సంబంధం లేదని చెప్పి వెళ్లిపోదామని ఒక నిమిషం పాటు గట్టిగానే అనుకున్నాను. గుర్రమన్న నన్ను బతిమాలలేదు. గుర్రం మెడ మీద గోరింటాకును తువ్వాలుతో తుడుస్తున్నాడు. ఎంత తుడిచినా పోవడం లేదు. నాన్న నా చేతిలో పెన్ను పెట్టారు.

అయితే అబద్ధం మీద సంతకం పెట్టించడానికి సూపరింటెండెంటు గారి మనసు ఒప్పలేదు. "పైన కనబరచిన నెంబరు నాది. సదరు నెంబరు కలిగిన గుర్రం మా వెనక సందు నివాసిది. నేను దాన్ని తీసుకువెళ్లి అతనికి అప్పగించగలదానను" అని ముప్పావుగంట చిత్తుప్రతి దిద్దారు. ఎస్సై గారు చదవకుండానే ముద్ర వేశారు. కొనుక్కున్నానన్న మనిషిని లోపలికి రమ్మన్నారు.

సంతకం పెట్టినవాళ్లే తోలుకెళ్లాలని కానిస్టేబుల్ పట్టుబట్టడంతో కళ్లెం నా చేతికొచ్చింది. గాంధీనగర్ నుంచి అశోక్‌నగర్ చౌరస్తా మీదుగా మా ఊరేగింపు సాగింది. ముందు నేను, వెనక ఎర్ర గుర్రం, పక్కన గొడుగు పట్టుకుని నాన్న, పది అడుగుల వెనక ఏడుస్తూ నవ్వుతూ గుర్రమన్న. పూలబండి దగ్గరి ఆవిడ, "బరాత్ ఎవరిదమ్మా?" అని అడిగింది.

"నాదే" అన్నాను.

మేం ఇల్లు చేరేలోపే ఆ వార్త చేరింది. పెళ్లి కుదిరిందని చెప్పనేలేదేమని అమ్మను ముగ్గురు నిలదీశారు. అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు గుర్రానికి మాత్రం బెల్లం పంపింది.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు నేను లేచేసరికే గుర్రమన్న వాకిట్లో ఉన్నాడు. చేతిలో పేపరు. చాయ్ బండి తెరిచినప్పటి నుంచి చూస్తున్నాడట.

"మూడుసార్లు చూసిన చెల్లె. పైకెల్లి కిందికి, కిందికెల్లి పైకి. లేదు."

పేపరు తీసుకున్నాను. ఒక వరుస దగ్గర ఆయన వేలు పెట్టి ఉంచాడు. పైన నా ముందు నెంబరు, కింద నా తర్వాతది. చదువు రాని మనిషి, నా నెంబరు ఉండాల్సిన చోటు సరిగ్గా కనిపెట్టాడు. "ఈడనే ఉండాలె గద" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. గుర్రం పోయినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. అంతవరకు ఆపుకున్న ఏడుపు నాకు ఇక ఆగలేదు.

ఆయన నా చేతిలోంచి పేపరు తీసుకుని మడిచి, "వచ్చేసారి ఇదే నెంబర్ ఇస్తరా?" అని అడిగాడు.

"లేదన్నా, కొత్తది ఇస్తారు."

"ఆరంకెలేనా?"

"ఆరే."

"అయితే వచ్చిన దినమే నాకు రాసియ్యి చెల్లె" అన్నాడు గుర్రమన్న. "అది గూడ నేర్చుకుంట."