మధ్యాహ్నం డ్యూటీ

మా ఎదురింటి నర్సమ్మగారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే పాలు పోసే ఆవిడ వచ్చి, ఎంత తలుపు కొట్టినా పలకడం లేదండీ అంది. వెళ్ళి చూస్తే కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, మంచాన పడకుండా పోయారు, అదృష్టవంతురాలు అన్నారంతా. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. ఇంత పని మా నెత్తిన పడేసి వెళ్ళిపోయారేమిటని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పనంటే, మా అమలాపురంలో ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయం. ఒక వ్యాపారి తన పాత కొబ్బరికాయల గోదాము ఇస్తానన్నారు. ఉద్యోగాల్లో రిటైరైనవాళ్ళూ, నాలాంటి కొట్లవాళ్ళూ కలిసి కమిటీ అయ్యాం. నాది బట్టల కొట్టు. ఏడాది పాటు మీటింగులే మీటింగులు. మరుగుదొడ్లు ఎటువైపు, ఆడవాళ్ళ గది ఎక్కడ, పీచు వాసన ఎలా పోతుంది. టీలు తాగి తాగి విసుగెత్తిపోయింది.

అన్నీ తేలినా డ్యూటీల దగ్గర బండి ఆగిపోయింది. నర్సమ్మగారు ఆసుపత్రిలో నర్సుగా ముప్పై ఏళ్ళకు పైగా చేసిన మనిషి. కాగితం మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు గీసి తెచ్చారు. రాత్రికి పోటీపడి పేర్లిచ్చారు. పొద్దుటికీ దొరికారు. మధ్యాహ్నానికి ఒక్కరూ లేరు. భోంచేసి ఓ కునుకు తీయకపోతే మావైపు అది రోజుకిందే లెక్క కాదు మరి. రాత్రిపూటే తెరుద్దాం, పగలు ఎవరికి కావాలండీ అన్నది నేనే. మా కొట్టు అరుగు మీద రాత్రిళ్ళు ముగ్గురు నలుగురు పడుకునేవారు. నేనెప్పుడూ వద్దనలేదు, ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మణికట్టు పట్టుకోవడం ఆవిడకి అలవాటు. నాడి చూస్తున్నారో, పారిపోకుండా పట్టుకున్నారో తెలిసేది కాదు. ఆ రోజు నా చెయ్యి అలాగే పట్టుకుని, రేపు భోజనమయ్యాక పడుకోకుండా నాతో రండి తమ్ముడుగారూ అన్నారు.

మర్నాడు మా అరుగు మీద పడుకునే ముసలమ్మ వెనకాల నన్ను నడిపించారు. ఆవిడకి రెండ్రోజులుగా జ్వరం.

"మాత్ర ఇచ్చేనండి. పడుకోమని కూడా చెప్పేను. ఎక్కడ పడుకుంటుందో మీరూ చూడండి" అన్నారు.

ముసలమ్మ టీ కొట్టు బల్ల మీద ఒరిగితే కొట్టాయన లేపాడు. మందుల షాపు మెట్టు మీద కూర్చుంటే అక్కడా లేపారు. చివరికి మా కొట్టు అరుగే చేరింది. రోడ్డుకి అవతల నిలబడ్డ నన్ను మా గుమస్తా చూడలేదు.

"అమ్మా, కొంచెం లేవండమ్మా. బేరాలొచ్చే టైమండి" అన్నాడు.

వాడు మంచివాడే. ఆ మాట నేను నేర్పిందే. మా కోనసీమలో మనిషిని లేపి పంపేయడం కూడా అండీ అనే చేస్తాం. ముసలమ్మ ఆయ్ అని లేచింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

నర్సమ్మగారు రోడ్డు దాటి వెళ్ళి ఆవిణ్ణి తన ఇంటికి తీసుకెళ్ళి, తన మంచం మీదే పడుకోబెట్టారు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నా దగ్గరికి వచ్చి అన్నారు:

"రాత్రి ఎవరూ లేపరండి, పగలే లేపుతారు. డ్యూటీ అంటే మనకి వీలున్న టైము కాదండి, వాళ్ళకి కావలసిన టైము."

తర్వాతి మీటింగులో వారంలో ఏడు మధ్యాహ్నాలకీ తన పేరే రాసుకున్నారు. ఇంకా తెరవకముందే ఒకరోజు రెండింటికి గోదాములో చాప వేయించుకుని పడుకుని, కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతోందని చాపల వరసంతా జరిపించారు. మోకాళ్ళ నొప్పులతో లేవలేక నా భుజం పట్టుకుని లేచారు. అప్పుడు కూడా, ఒకటి రెండు రోజులు నాకు రాయండి అక్కగారూ అనలేదు నేను. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఆవిడే లేకపోతే, రాత్రి అరుగిచ్చిన ధర్మాత్ముణ్ణని అనుకుంటూనే నేనూ పోయేవాణ్ణి. ఆ మేలు మరిచిపోలేను.

పెద్దకార్యం అయిన మర్నాడు కమిటీ కూర్చుంది. మధ్యాహ్నం గడి ఖాళీ అయిపోయింది కాబట్టి రాత్రిపూట మాత్రమే పెట్టేద్దామన్నారు అధ్యక్షులు. ఎవరూ కాదనలేదు. అందరం అలిసిపోయాం. నేను చేస్తానండి అన్నాను, సగం గొణుక్కుంటున్నట్టు. ఎన్ని రోజులు రాయమంటారని అడిగారు.

"ఏడూ రాసేయండి" అన్నాను.

మొన్న సోమవారం తెరిచాం. భోజనాల వేళ దాటేసరికి నా కళ్ళు మూతలు పడిపోతున్నాయి. నా ఈడు మనిషి ఒకాయన వచ్చి, గోడవారగా చాప మీద నడుం వాల్చి, అంతలోనే లేచి కూర్చున్నాడు.

"ఎన్నింటికి లేవాలండీ?"

లేవక్కర్లేదండి, పడుకోండి అన్నాను. ఆయ్ అన్నాడు. కాసేపు నావంకే చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాస్సేపటికి గురక కూడా వచ్చింది. కాళ్ళకి చెప్పులు మాత్రం అలాగే ఉన్నాయి.