ఎరువుల గోడౌనుకు ఇద్దరు సాక్షులు

పొద్దున టీవీలో ఒక పెద్దమనిషి, శత్రువు దగ్గర ఎంత ఆయుధ సరంజామా ఉందో మూడు మిత్రదేశాలు విడివిడిగా ఆరా తీశాయని, ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెప్పారని గొంతు సవరించుకుని మరీ చెబుతుంటే, ఒళ్లు మండి చేతిలోని గాజుగ్లాసు నేలకేసి కొట్టాను. ముక్కలు ఏరుతూ మా ఇంటావిడ, ఆ జెద్దా కోపం ఇంకా చల్లారలేదా అని సణిగింది. చల్లారదు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇరాక్ మీద యుద్ధం ఇవాళో రేపో అంటున్న రోజులవి. నేను జెద్దాలో, బలద్ అనే పాత బజారు దగ్గర, స్టోర్‌కీపర్ని. అంతకు పదిహేనేళ్ల ముందు ఇరాక్‌లో ఒక ఎరువుల గోడౌనులో పనిచేశానని ఎవరో ఊదితే, వీసా ఇచ్చి నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకున్న యజమాని, మా కఫీల్, నన్నొక హోటలుకు పంపాడు. పొద్దున ఒక దేశం అధికారి, మధ్యాహ్నం వాళ్ల మిత్రదేశం అధికారి, ఆ గోడౌనుదే ఒకే ఫోటో చూపి అవే ప్రశ్నలు వేశారు. నేనున్నప్పుడు కప్పుదాకా నిండుగా ఉండేదని, అది బాంబుల మందు కాదు, ఎరువేనని, ఇప్పుడేముందో తెలియదని, వెనక గదిలో కాపలాదారు పెళ్లాంబిడ్డలతో ఉంటాడని ఇద్దరికీ చెప్పాను. నాకు టైఫాయిడ్ వస్తే నెలరోజులు వండిపెట్టిన తల్లి ఆ కాపలాదారు భార్య.

వారం తర్వాత మొదటి అధికారి మళ్లీ పిలిచి, మిత్రదేశానికీ ఒక సాక్షి దొరికాడని, గోడౌను నిండుగా ఉందని అతనూ చెప్పాడని, ఇక అనుమానమే లేదని సంబరపడ్డాడు. ఎవరయ్యా అంటే, ఇండియావాడట, స్టోర్‌కీపరట, ఎడమకాలు కుంటట!

"అన్నా, ఆ కుంటోడు నేనే అని చెప్పు!" అని దుబాసీగా వచ్చిన హైదరాబాదు ఆయన మీద అరిచి, లేచి గదంతా కుంటుతూ నడిచి చూపించాను. ఆయన చెప్పనైతే చెప్పాడు. అధికారి నవ్వి నాకు నీళ్లసీసా అందించాడు.

"జర ఆగు భాయ్, రిపోర్టు ఎప్పుడో పోయింది. ఇప్పుడేం జేస్తవ్?" అని దుబాసీ నా చెయ్యి పట్టుకున్నాడు.

బయట కారులో మా బావమరిది, "గమ్మునుండు బావా, కఫీల్‌కు కోపమొస్తే ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపిస్తాడు, పాప చదువేం కావాల?" అన్నాడు. గమ్మునున్నాను. అదే నా పాపం.

యుద్ధం మొదలయ్యాక టీవీలో ఆ గోడౌను చూపించారు. నీలం గేటు చూసి గుర్తుపట్టాను. బాంబు పడి కప్పు లేదు, లోపల ఒక్క సంచీ లేదు, వెనక గది ఉన్నచోట ఆ తల్లి రొట్టెలు కాల్చిన మట్టిపొయ్యి మాత్రం మిగిలింది. వాళ్లేమయ్యారో నాకెవరూ చెప్పలేదు.

సంచీ మీద చెయ్యి వేయనిదే స్టాకు పుస్తకంలో ఎక్కించని కాలం మాది. ఆ కాలంలోనే గోడౌను కూల్చడానికి ఇద్దరు సాక్షులు సరిపోయారు. ఇప్పుడు ముగ్గురంటున్నారు, అంతే మారింది. ఆ ముగ్గురిలో ఎందరికి ఎడమకాలు కుంటో ఎవరైనా చూశారా?