ప్రతి గడప ముందూ చెంబుడు నీళ్లు

మొన్న ఆదివారం చర్చిలో నేను వాక్యం చెప్పడానికి లేచి నిలబడగానే కబురు వచ్చింది: మన బోధన్ డాక్టరు చనిపోయారని. "అయ్యో, ధర్మాత్ముడు" అని మీలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆ మాట మీ నోటికి తగదు. బతికుండగా ఆయన్ను "పెద్దరోగాన్ని దాచే దొంగ" అన్నదీ ఆ నోళ్లే.

నిజాంసాగర్ కాలువ గట్టున చెరుకు నరికే కూలీల గుడిసెల వరుస మీకు తెలుసు. అక్కడ ఎవరికో కుష్టు ఉందని పుకారు పుట్టింది. పేరు తెలిస్తే ఆ గుడిసె తగలబెట్టి ఇంటిల్లిపాదినీ తరిమేద్దామని కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం కాచుకుని ఉన్నాడు. డాక్టరు ఏ గడప తొక్కితే అదే రోగి ఇల్లని మీరంతా కన్నేశారు.

అందుకని ఆయన అన్ని గడపలూ తొక్కారు. వారం వారం, ఒక్క గుడిసె విడవకుండా. ఏ ఇంట్లోనైనా అంతే సేపు కూర్చునేవారు. తడిక మూసి అందరి ఒళ్లూ చూసేవారు. బయటికి వచ్చి, వాకిట్లో పెట్టిన చెంబుడు నీళ్లతో చేతులు కడుక్కుని, పక్క గుడిసెకు. కుష్టుకు వేసే నూనె సూది ఎవరికో, ఉత్త పలకరింపు ఎవరికో ఆ తడికలకే తెలుసు.

ఒకనాడు ముకద్దం ఆయన దారికి అడ్డం నిలబడ్డాడు.

"డాక్టర్ సాబ్, ఒక్క పేరు చెప్పుండ్రి. ఒక్క గుడిసె పోతే మిగిలినోళ్లు బతుకుతరు."

"మిగిలినోళ్లను గూడ నేనే సూస్తున్న గద. అంటకుండ కాపాడుడు నా పని. పేరు అంటవా, అది నా సొత్తు గాదు, నీకు ఇయ్యనీకి."

"గిదేం వైద్యం సాబ్, దాసుడు?"

"రేపు నువ్వొస్తవు. నీది గూడ గిట్లనే దాస్త. వద్దంటవా?"

చెరుకు మోపులు కడుతున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. "వద్దని చెప్పు అన్నా, వద్దని చెప్పు! నీ రోగమేందో మేం గూడ ఇంటం!"

ముకద్దం నవ్వలేదు. మర్నాటి నుంచి అతని మాట విని మీరు దవాఖాన మెట్లెక్కడం మానేశారు. ఖాళీ బల్ల ముందు కూర్చుని ఆయన నాతో ఒకటే అన్నారు: "మందు తప్పితే మారుస్త. నోరు జారితే ఏం మారుస్త?"

దెబ్బలు తిని దారిలో పడ్డవాణ్ణి చూసి పక్కకు తప్పుకుపోయిన భక్తులు లేఖనంలో ఉన్నారు. వాళ్ల పేర్లు మాత్రం లేవు. ఎందుకో తెలుసా? ఆ ఖాళీలో మన ఊరంతా పట్టాలని.

నిన్న ఆయన్ను కాలువ గట్టు మీదుగా మోసుకుపోయాము. ముకద్దం కూడా వచ్చాడు. ఎవరు ఎక్కువ ఏడిస్తే వారే రోగి అని, శవం వెనక నడుస్తూ కూడా గుడిసె గుడిసెలోకీ తొంగి చూశాడు. చూసుకోనీ. ఆ వరుసలో ఒక్కరూ పైకి ఏడవలేదు. కానీ మొదటి గుడిసె నుంచి చివరి దాకా, ప్రతి గడప ముందూ, ఆయన చేతులు కడుక్కోవడానికి ఎప్పుడూ పెట్టినట్టే, నిండా నీళ్లతో ఒక చెంబు ఉంది.