మునీరా ఆపా కుట్టిన వెలుగు కోటు

ఇన్వర్టర్ స్విచ్ వేయగానే కుంయ్‌మని సన్నటి మోత మొదలవుతుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన డబ్బా అది. రెండు బ్యాటరీల కరెంటును పెంచి, బట్టకు కుట్టిన వెలిగే తీగకు అందిస్తుంది. మా వర్క్‌షాపులో పనిచేసే అమ్మాయిలకు ఆ మోత అంటే చిరాకు. “ఈ దోమతో వేగలేకపోతున్నాం మేడమ్” అని నిన్న కూడా ఒకమ్మాయి విసుక్కుంది. నాకు మాత్రం అది చెవిన పడితే ఇన్నేళ్ల తర్వాత కూడా హుస్సేనీ ఆలంలో ఒక మేడమీది గది, పట్టపగలు మూసిన కిటికీలు, చీకట్లో నీలంగా వెలుగుతున్న గీత, ఆ గీత మీదికి వంగిన ఒక పెద్దావిడ మొహం కళ్లముందుకు వస్తాయి. నాటకాలకు, సైన్సు ప్రదర్శనలకు వెలిగే దుస్తులు చేయడం నా వృత్తి. ఎక్కడ నేర్చుకున్నారని అడిగేవాళ్లు నేనేదో విదేశీ కోర్సు పేరు చెబుతానని చూస్తారు. మునీరా ఆపా దగ్గర అంటే మొహమొహాలు చూసుకుంటారు. ఆమెను ఎన్నడూ చూడని వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను బీఎస్సీ ఫిజిక్సు ఆఖరి సంవత్సరం. నాన్న ప్రభుత్వాఫీసులో గుమస్తా. తెనాలి నుంచి వచ్చి పాతబస్తీలోని ఉప్పుగూడలో ఇల్లు తీసుకుని అక్కడే స్థిరపడిపోయారు. మా కాలేజీలో ఒక సైన్స్ ఫిక్షన్ నాటకం వేస్తున్నాం. సూర్యుడు ఆరిపోయిన గ్రహానికి ఒక రాణి. ఒంట్లోని వెలుగుతోనే తన జనానికి దారి చూపిస్తుంది. ఆ రాణి కోటు నేను చేస్తానని అందరి ముందూ గొప్పలు పోయి ఒప్పుకున్నాను. పది మీటర్ల తీగ తెప్పించాను. మళ్లీ కావాలంటే నెల పడుతుందని షాపతను ముందే చెప్పాడు. నల్ల వెల్వెట్ మీద వేడి జిగురుతో అంటిస్తే, రాణి వేషం వేసే స్వాతి చేయెత్తగానే పట్‌పట్‌మని ఊడి వచ్చింది. కుడదామంటే సూది తీగలోకే దిగి, కొస వైపు బెత్తెడు మేర వెలుగు పోయింది, ఆ ముక్క తీసేశాను. మూడు రోజులు కుస్తీ పట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మకు జాకెట్లు కుట్టే దర్జీ నా అవస్థ చూసి, “తీగను బట్ట మీద కూసోబెట్టుడు మగ్గం పనోళ్లకే తెలుస్తది. హుస్సేనీ ఆలంల మునీరా ఆపా ఉంటది. పని బంద్ జేసింది గని, అడిగి సూడు” అన్నాడు.

తలుపు తీసింది ఆమె కోడలు షబానా. నా సంచిలోంచి వెల్వెట్ కొస కనబడగానే గుమ్మానికి అడ్డంగా నిలబడి గొంతు తగ్గించింది. “అమ్మీకి నీటికాసులక్కా. ఒక కన్ను పోయింది. ఇంకోటి ఎన్ని దినాలుంటదో డాక్టరే చెప్తలేడు. పని ఇయ్యకుండ్రి, మళ్ల ఆశ పడ్తది.” ఆమె ఎంత తగ్గించినా లోపలికి వినబడనే వినబడింది. “నేనింక పూరా గుడ్డిదాన్ని గాలే. రానియ్యి” అన్న గొంతు వచ్చింది. గదిలో చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది మునీరా ఆపా. అరవై దాటిన మనిషి, అయినా బస్తీ అంతటికీ ఆపా, అంటే అక్క. తెల్లటి దుపట్టా, పొడుగాటి వేళ్లు. ఆమె వెనక గోడకు పాత చీర చుట్టిన కర్రలు ఆనించి ఉన్నాయి. అది కార్చోబు, అంటే జరీ పని చేసేటప్పుడు బట్టను బిగించి కట్టే చట్రం. నలభై ఏళ్లు దాని ముందు కూర్చున్న మనిషి, ఏడాది కిందట దాన్ని తన చేత్తోనే విప్పి చుట్టబెట్టిందట. నేను వెల్వెట్ ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె తడిమి, “నల్ల బట్ట మీద నాకు నల్లగనే కనిపిస్తది బిడ్డా. దారం కనపడదు, సూది కనపడదు. ఎట్ల కుట్టాలె?” అని తిరిగి ఇచ్చేసింది.

లేవబోయాను. ఇంత దూరం వచ్చి చూపించకుండా పోవడమెందుకని కిటికీ రెక్క మూసి స్విచ్ వేశాను. అంతే. నా చేతిలో చుట్ట చుట్టిన తీగ మొత్తం ఒక్కసారిగా నీలంగా వెలిగింది. ఆపా మెల్లగా చేయి చాచి, కాలుతుందేమోనని ఆగి, ఒక్క వేలితో తాకింది. “సల్లగుంది” అంది. తీగ కొస పట్టుకుని మోకాళ్ల మీదుగా చాప మీదికి పరుచుకుంటూ పోయింది. “ఎండ లెక్క లేదు, దీపం లెక్క లేదు. సందమామను సాగదీసి తీగ జేసిన్రా ఏంది?” అంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. “షబానా, నాకు గిది కనపడుతుంది. ఈ కొస నుంచి ఆ కొస దాంక మొత్తం కనపడుతుంది.” షబానా మొహం అటు తిప్పుకుంది. ఇదే ఆమె చేతికి అందే చివరి పని కావచ్చునని ఆ గదిలో ముగ్గురికీ అర్థమైంది. నా నాటకం సంగతి నేనా క్షణంలో మర్చిపోయాను. ఈ కోటు ఆమె పూర్తి చేయగలిగితే చాలనిపించింది.

మర్నాడు నేను వెళ్లేసరికి కార్చోబు లేచి నిలబడింది. కిటికీలకు దుప్పట్లు కట్టారు. నేను కాగితం మీద గీసుకొచ్చిన నమూనా అంతా నిలువు గీతలు, అడ్డ గీతలు, చతురస్రపు మూలలు. ఏదో యంత్రంలా ఉండాలని నా ఆశ. ఆపా దాన్ని షబానా చేత చెప్పించుకుని నవ్వింది. “గిట్ల మడిస్తే తీగ సస్తది. జరీ గూడ గంతే. తిప్పుకుంట పోవాలె, ఇరగ్గొట్టద్దు” అంది. నా మూలలన్నీ చెరిపించి, భుజం నుంచి నడుము దాకా మెలికలు తిరుగుతూ దిగే లతను సుద్దపొడితో అద్దించింది. ఛాతీ మధ్యలో ఇరవై రెక్కల పువ్వు. నా గ్రహానికి లతలేమిటని లోలోపల గునిశాను కానీ, తీగను ఆ గీతల మీద పరిచి వెలిగించి చూశాక నోరు మూసుకున్నాను. ఆకాశంలో పాలపుంతను ఎవరో తెచ్చి బట్ట మీద పరిచినట్టుంది.

ఆమె కుట్టడం చూడడమే ఒక అద్భుతం. గదంతా చీకటి. వెలిగే తీగ ఒక్కటే. సూది తీగకు ఇటు పక్కన దిగుతుంది, చట్రం కింద ఉన్న ఎడమ చేయి దాన్ని అందుకుని అటు పక్కనుంచి పైకి తోస్తుంది. దారం తీగ మీదుగా పడి దాన్ని బట్టకు పట్టి ఉంచుతుంది, తీగకు మాత్రం గాటు పడదు. కుట్టు పడ్డచోట వెలుగు మీద వెంట్రుకంత నల్లగీత వస్తుంది. ఆ గీతలే ఆమెకు లెక్క. “పగటి వెల్తుర్ల ఏడాది సంది ఒక్క కుట్టు సూడలే నేను. గిప్పుడు సూడు, నా కుట్లు నాకే కనపడుతున్నయ్” అని మాటిమాటికీ అనేది. మధ్యమధ్యలో చిన్నపిల్లలా ఇన్వర్టర్‌ను చెవి దగ్గర పెట్టుకుని వినేది. నేను పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. సూది ఎంత ఏటవాలుగా దించాలో, దారం ఎంత బిగించాలో, ఎక్కడ వదులు ఉంచాలో, తనకు తెలిసిందంతా దాచుకోకుండా చెప్పింది. నేను మాత్రం నా తీగ గురించి ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. ఫిజిక్సు ఆమెకెందుకులే అనుకున్నాను. అప్పట్లో నా కళ్లు అలా నెత్తి మీద ఉండేవి.

నాటకం శనివారం మధ్యాహ్నం. గురువారం నాకు పరీక్ష ఉండి కాస్త ఆలస్యంగా వెళ్లాను. లత పూర్తయింది, ఇన్వర్టర్ ఆపి ఉంది. చట్రం పక్కన పళ్లెంలో తీగ ముక్కలు, జానెడు పొడుగున ఇరవై, వరసగా పేర్చి ఉన్నాయి. ఆపా మొహం వెలిగిపోతోంది. “పువ్వుకు రెక్కలు తడుముకుంట కోసి పెట్టిన. రెక్క మొదట్ల మడిస్తే తీగ సస్తదని కోసిన” అంది. జరీ పనిలో డబ్కా అని స్ప్రింగులా చుట్టిన బంగారు తీగ ఉంటుంది. దాన్ని రెక్కకు తగినట్టు కోసి కుట్టడం వాళ్లకు రోజూ చేసే పని. కానీ నా తీగ వెలిగేది ఒక కొసన ఇన్వర్టర్ ఉంటేనే. కోసిన ముక్క ఒట్టి ప్లాస్టిక్ పుల్ల. మిగిలిన నాలుగు మీటర్లూ పళ్లెంలో చచ్చి పడి ఉన్నాయి, వేరే తీగ లేదు, చేతిలో ఒక్క రోజే ఉంది.

“ఎవరు కొయ్యమన్నారు మిమ్మల్ని? నన్నొక్క మాట అడగొద్దా?” అని అరిచాను. నా తల్లి వయసు దాటిన మనిషి మీద అలా గొంతు లేపాను. ఇప్పటికీ తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది. ఆపా ఒక ముక్క తీసి కళ్ల దగ్గరగా పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. వెలుగు లేదు. “బంగారం సగానికి కోస్తే, సగం బంగారమే గద బిడ్డా” అని మాత్రం అంది, ఎదురు చెబుతున్నట్టు కాదు, నిజంగా అర్థంకాక. ముక్కను పళ్లెంలో పెట్టేసింది. తర్వాత వంగి, చట్రానికి బట్టను బిగించిన తాడు ముడి వెతుక్కుని విప్పడం మొదలుపెట్టింది. “షబానా, పాత చీర తేపో. చుట్టి పెట్టేద్దాం” అంది. ఈసారి చుడితే ఆ చట్రం మళ్లీ లేవదు. షబానా నావైపు చూసిన చూపు నేనెప్పటికీ మరవను. ముందే చెప్పాను కదా అని ఉందా చూపులో.

తప్పు నాదేనని అప్పుడు తెలిసింది. ఆమె జరీ గురించి నాకు అంతా చెప్పింది. నేను నా తీగ గురించి ఏమీ చెప్పలేదు. తాడు మీద ఉన్న ఆమె చేయి పట్టుకున్నాను. “తప్పు నాదే ఆపా. లోపల ఏముందో మీకు చెప్పాల్సింది” అన్నాను, ఏడుపు ఆపుకోలేకపోయాను. బ్లేడుతో ఒక ముక్క కొస ఒలిచి ఆమె వేలికి అందించాను. నడుమ రాగి తీగ, దానిమీద కరెంటు తగిలితే వెలిగే పొడి పూత, ఆ పూత చుట్టూ వెంట్రుక మందాన రెండు తీగలు. రాగికి, ఈ వెంట్రుకలకు విడివిడిగా కరెంటు అందితే ఏ ముక్కైనా వెలుగుతుంది. కానీ ఆ వెంట్రుకలను విడదీయబోతే నా చేతిలో ప్రతిసారీ తెగేవి. అందుకే కుదరదన్నాను. ఆపా ఆ కొసను రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపింది. “రెండున్నయ్. తగులుతున్నయ్” అంది. సన్న సూది అడిగింది. కళ్లు మూసుకుని, సూదిమొనతో ఆ వెంట్రుకలను ఒకటొకటిగా లేపి పక్కకు పెట్టింది. రెండూ తెగలేదు.

ఆ సాయంత్రం, మర్నాడు పగలంతా ఆమె ఒలిచి విడదీయడం, నేను టంకం పెట్టడం. రెక్కలను ఆమె బట్ట మీద కుడితే, వాటి కొసలన్నీ పువ్వు నడుమకు తెచ్చి, వెనక వైపు కలిపాం. ఒకసారి స్విచ్ ఆపడం మరిచాను. ఆపా చేయి వెనక్కి లాక్కుని, “చీమ కరిసినట్టయింది. కరెంటొచ్చింది, సంతోషం” అని నవ్వింది. శుక్రవారం పొద్దుగూకకముందే ఇరవై రెక్కల్లో పంతొమ్మిది వెలిగాయి. ఒక్కటి ఎంతకీ వెలగలేదు. తీసేద్దామంటే ఆపా ఒప్పుకోలేదు. “ఉండనియ్యి. కోసిన తప్పు నాది, అది నాకు యాదికుండాలె” అంది.

శనివారం ఆమెను, షబానాను ఆటోలో తీసుకెళ్లి హాల్లో మూడో వరసలో కూర్చోబెట్టాను. ఎక్కడ కూర్చున్నదో, పక్కన ఎవరున్నారో ఆపాకు తెలియడం లేదు. షబానా చేయి వదలలేదు. స్టేజీ మీద దీపాలన్నీ ఆర్పేశారు. గోల గోలగా ఉన్న హాలు సద్దుమణిగింది. చీకట్లోంచి స్వాతి నడిచి వచ్చింది. మనిషి కనబడదు, కోటు మాత్రమే. భుజాల మీద నుంచి నీలం లత మెలికలు తిరుగుతూ దిగింది, ఆమె ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీ మీది పువ్వు కాస్త విచ్చుకున్నట్టయింది. నేనే చేశానని మరిచిపోయి నోరు వెళ్లబెట్టుకుని చూశాను. ఎవరూ చప్పట్లు కూడా కొట్టలేదు. అంత మంది పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను మళ్లీ చూడలేదు. ఆపా వైపు తిరిగాను. ఆమె ముందుకు వంగి కూర్చుంది, చెంపల మీద తడి. నా చెవి దగ్గరికి వచ్చి, “ఎడమ భుజం కాడ తీగ జర వదులైంది. రేపు తీస్కరా, సరిజేస్త” అంది. రేపు అన్న ఆ మాట విని అవతలి పక్కనున్న షబానా వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత మూడేళ్లు ఆ చట్రం విప్పలేదు. మేమిద్దరం కలిసి తొమ్మిది కోట్లు కుట్టాం. ఆ తర్వాత రెండో కన్ను కూడా పోయింది. ఆఖరిసారి నేను ఒక్కదాన్నే కుట్టిన కోటు తీసుకుని వెళ్లాను. వెలిగించి పట్టుకున్నాను, ఆమె అటు చూడలేదు. ఒళ్లో వేయమంది. ముందు వైపు వదిలేసి, కోటు తిరగేసి లోపలి వైపు తడుముతూ పోయింది. మెడ దగ్గర వేలు ఆగింది. “ఈడ ముడి మొన లేసి ఉంది. తొడుక్కున్న పిల్లకు గుచ్చుకుంటది” అంది. అది లోపలి వైపు కదా, ఎవరికీ కనబడదు ఆపా, అన్నాను. ఆమె నవ్వింది. “నాకు గూడ కనపడ్తలేదు గద బిడ్డా” అంది. అక్కడే కూర్చుని విప్పి మళ్లీ ముడి వేశాను, ఆమె వేలితో చూసి సరే అనేదాకా. ఇప్పుడు ఆపా లేదు. కోటు పూర్తయ్యాక నేను దాన్ని తిరగేసుకుని, కళ్లు మూసుకుని, మెడ నుంచి అంచు దాకా వేలితో ఒకసారి తడుముతాను. ఏదైనా తగిలితే విప్పుతాను.