నాలుక చూపించు, చాలు

మా పెద్దమ్మ పోయింది. పొలం నుంచి వచ్చి పడుకుని, మళ్లీ లేవలేదు. మాచవరం సెంటర్లో సంతాపం ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆమె ముఖం కంటే ఆమె మామగారి ముఖం పెద్దది. ఆయన మా తాతయ్య. అందుకే ఇది రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో ఆమెకు పుట్టిన పాప పాలు తాగుతూ తాగుతూ నీలంగా మారిపోయింది. జీపు వాకిట్లోనే ఉంది.

"పక్షి దోషం. మంత్రం వేయిస్తే పోద్ది. జీపు ఓట్ల పనికి పోవాల" అన్నాడట తాతయ్య. అప్పుడాయన సర్పంచి.

పూట గడిచాక నరసరావుపేట ఆస్పత్రికి చేరేసరికి పాప లేదు. గుండె పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదని, చెడు రక్తం మంచి రక్తంలో కలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. "చేతులు చలికి కూడా నీలమవుతాయమ్మా. నాలుక నీలమైతే మాత్రం ఆగకూడదు."

ఆ తర్వాత మా వాళ్లలో ఎవరింట పసిబిడ్డ పుట్టినా పెద్దమ్మ పిలవకుండానే వెళ్లేది.

"బిడ్డ దక్కనిదానివి, చెయ్యి వెయ్యమాకు" అంది ఒకసారి మా నాయనమ్మ.

"చెయ్యి వెయ్యను అత్తా. ఎండలోకి తెచ్చి నాలుక చూపించు, చాలు."

చూసేది. వెంటనే చెప్పేది కాదు. కొంగు సర్దుకునేది, మంచినీళ్లు అడిగేది. ఇంటి పెద్దగా వచ్చిన తాతయ్య అంతసేపూ నిలబడి ఉండేవాడు. చానా సేపటికి, "ఎర్రగానే ఉంది, తీసకపోండి" అనేది.

"ఎందుకట్లా ఆపుతావు పెద్దమ్మా?" అని అడిగాను.

"నన్ను పూటంతా ఆపాడు. ఆయన్ని కాసేపు ఆగనీయే."

ఒక్క నాలుక దగ్గర ఆమె ఆలస్యం చేయలేదు. అది నాది. నన్నెత్తుకుని జీపెక్కి కూర్చుందట. "దోషం పక్షిది కాదు మామయ్యా, మీది. బండి తియ్యమనండి." గుంటూరులో ఆపరేషన్ అయింది. ఆ కుట్ల గీత నా ఛాతీ మీద ఉంది.

కాన్వెంటులో సిస్టర్లు క్షమించడం నేర్పారు. పెద్దమ్మ నేర్పలేదు.

మొన్న మా అక్క కొడుకును ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. నాలుక చూపించమని అడిగాను. నా గొంతు ఎవరికీ వినబడలేదు. మళ్లీ అడిగాను.

"ఏందే, నువ్వూ మొదలెట్టావా? ఆస్పత్రిలో చూశార్లే" అన్నాడు తాతయ్య.

అక్క బిడ్డను ఎండలోకి తెచ్చింది. వాడు ఏడ్చాడు. నాలుక దానిమ్మ గింజలా ఉంది.

మంచినీళ్లు అడిగాను. తాతయ్య గుమ్మం పట్టుకుని నా నోటివంక చూస్తున్నాడు. అమ్మ గ్లాసు తెచ్చింది. నేను నెమ్మదిగా తాగాను.